ఆగిన బండికి లైటెందుకు

ధన్‌సింగ్ సైకిల్‌కు లైటు లేదు, కాబట్టి తప్పు ధన్‌సింగ్‌దే. వెంకటనారాయణ గారి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న ఐదుగురు పెద్దమనుషులు టీ తాగి తేల్చిన మాట అది. ధన్‌సింగ్ నా మొగుడు. ఆ మాట తేల్చే వేళకు అతను ఖమ్మం దవాఖానాలో కుడికాలికి రాడ్లు వేయించుకుని పడుకుని ఉన్నాడు. అతని తరఫున నేను వెళ్లాను. నాకు కుర్చీ వేయలేదు, టీ ఇవ్వలేదు. టీ సంగతి పోనివ్వండి, నోరు తెరిచే వంతు కూడా ఇవ్వలేదు.

జరిగింది చెప్తాను. దమ్మపేట దగ్గర అడవి అంచున మా తండా. అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో వెంకటనారాయణ గారి పామాయిల్ తోట. పాతికేళ్ల కింద కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం వాళ్లది. ధన్‌సింగ్ ఆ తోటకు నీళ్లు పెట్టే మనిషి. 2007లో, దసరా వెళ్లిన వారం, పొద్దుగూకాక పని ముగించుకుని సైకిల్ మీద వస్తూ, చింతల మలుపు దగ్గర రోడ్డు మీద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని వెనక నుంచి గుద్దుకున్నాడు. ట్రాలీ నిండా పామాయిల్ గెలలు. టైరు పంక్చరైతే డ్రైవర్ శ్రీను చక్రం ఊడదీసుకుని ఊళ్లోకి పోయాడు. ట్రాలీ వెనక లైటు లేదు. గుర్తుగా ఒక చెట్టు కొమ్మయినా విరిచి పడేయలేదు. ఆ ట్రాలీ కూడా వెంకటనారాయణ గారిదే.

ఆయన చెడ్డవాడని నేను అనను. తన జీపులోనే ధన్‌సింగ్‌ను ఖమ్మం తీసుకుపోయాడు, దవాఖానా ఖర్చు పెట్టుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఖర్చు పెట్టుకున్న మనిషి ముందు నోరెత్తడానికి మా తండా పెద్ద రామ్‌చందర్‌కు మొహమాటం అడ్డొచ్చింది. సైకిళ్లు బాగుచేసే మా దస్రును పిలిచి, "వీడి సైకిల్‌కు లైటుందా?" అని అడిగితే, "లేదు" అని తల దించుకున్నాడు. ధన్‌సింగ్ సైకిల్‌కు ఉన్న లైటు తానే ఊడదీశానని మాత్రం చెప్పలేదు.

"మరి ట్రాలీకి ఉందా?" అని వంతు ఇవ్వకపోయినా నేనే అడిగాను.

వెంకటనారాయణ గారు నవ్వారు. "ఆగిన బండికి లైటెందుకమ్మా? నడిచే బండికి కావాలి గానీ."

ఆయన నవ్వారు కాబట్టి మిగతా నలుగురూ నవ్వారు. రామ్‌చందర్ కూడా నవ్వాడు, కాకపోతే నా వైపు చూడకుండా నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పదిహేను రోజులకు ఇంటికొచ్చి మంచం మీద పడుకున్న ధన్‌సింగ్ కూడా అదే పాట అందుకున్నాడు. చూడవచ్చిన ప్రతివాళ్లకూ, "తప్పు నాదే. సైకిల్‌కు లైటు లేకపాయె" అని చెప్పడమే పని. నేను పక్కన కూర్చుని వింటూ పళ్లు పటపట కొరికేదాన్ని. విరిగిన కాలు అతుక్కుంటుంది. రోజూ తన మీద తానే నేరం మోపుకునే మనిషిని ఏ డాక్టరు అతుకుతాడు? ఆ మాట అతని నోట్లోంచి ఊడబీకాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఎట్లాగో మాత్రం తెలియదు.

ఈలోగా తోట నుంచి కబురొచ్చింది. ధన్‌సింగ్ లేవలేడు కాబట్టి వేరే మనిషిని చూసుకుంటామని. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నేనే పోతానని వెళ్లి నిలబడ్డాను.

ఆ పని కష్టమంతా వేళల్లో ఉంది. తోటలకిచ్చే కరెంటు ఒక వారం రాత్రి తొమ్మిదికి వస్తుంది, ఇంకో వారం తెల్లవారుజామున నాలుగింటికి. కరెంటు వచ్చే వేళకు మోటర్ దగ్గర మనిషి ఉండాలి. దానంతటదే మోటర్ వేసే స్టార్టర్ ఒకటి పెడితే ఒకసారి మోటరే కాలిపోయింది. అప్పటి నుంచి వెంకటనారాయణ గారికి మనిషి మీదే నమ్మకం.

"ఆడమనిషివి, చీకట్లో అడవి రోడ్డు మీద ఎట్లా వస్తావు?" అన్నారాయన.

"సైకిల్ మీదొస్త అయ్యా. చిన్నప్పుడే నేర్చిన."

"లైటు లేకుండా వచ్చావో, గేటు బయటి నుంచే పంపించేస్తాను. ఇంకో కేసు నా నెత్తి మీదికి వద్దు."

"మంచిది. లైటు లేని బండిదే తప్పు. మీరన్న మాట మీరు యాది పెట్టుకోండ్రి, నేను పెట్టుకుంట" అని వచ్చేశాను.

దస్రు దుకాణం తండా మొదట్లో, రోడ్డు పక్కన ఉంటుంది. గుద్దుకుని వంకరపోయిన ధన్‌సింగ్ సైకిల్‌ను బాగు చేయించుకుని, లైటు కావాలని అడిగితే, మూలనున్న నూనె డబ్బా ముందుకు జరిపాడు. దాని నిండా డైనమోలు. అన్నీ మా తండా సైకిళ్లవే.

"ఇన్ని ఎందుకు తీసినవ్‌రా?" అన్నాను.

"అందరు తీసెయ్యమన్నరు వదినా. ఇది టైరుకు ఆనిందంటే తొక్కుడు బరువైతది. రెండు బస్తాలు కట్టుకొని ఎత్తు ఎక్కుతుంటే పానం పోతది. అన్న కూడ గట్లనే తీయించుకుండు."

తొడలు నొప్పి పుడతాయని లైట్లు పీకించుకుని, తలకాయలు చీకట్లో పెట్టుకుని తిరుగుతున్నారు మా మగవాళ్లు. తెలివంటే ఇదీ. డబ్బాలోంచి ఒకటి తీసి బిగించమన్నాను. తొక్కి చూశాను. నిజంగానే బరువు. సాపు దారిలో వెలుగు బాగానే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు గుడ్డిదైంది. దిగి నిలబడగానే పూర్తిగా ఆరిపోయింది.

"నిలబడితే ఆరిపోయే లైటు నాకొద్దు" అన్నాను. "నిలబడ్డోళ్లనే కదా గుద్దేది?"

ఇంటి దగ్గర మా అత్త మంగ్లి మరో గొడవ. "మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనెనట! పాత సైకిల్‌కు గిన్ని సోకులా? మా కాలంల ఏ లైట్లున్నయ్? మా బట్టల అద్దాలే మెరిసేటివి" అని, తన పాత పేటియాలోంచి అద్దాలు కుట్టిన జానెడు ముక్క కోసి ఇచ్చింది. పేటియా అంటే మా పెద్దవాళ్లు కట్టే అద్దాల లంగా. ముసలామె మనసు నొప్పించడమెందుకని సీటు వెనక కట్టాను. చీకటి పడ్డాక దస్రు ఇరవై అడుగుల దూరం నుంచి టార్చిలైటు వేసి చూశాడు. ఒక మెరుపు వేపచెట్టు మీద పడింది, ఇంకొకటి మా మేక మొహాన పడింది. దస్రు కంటికి మాత్రం ఏమీ కనపడలేదు. అదే చోట ఎర్ర రిఫ్లెక్టర్ బిళ్ల పెడితే, నిప్పుకణికలా భగ్గుమంది. అద్దం వెలుగును తన ఇష్టమొచ్చిన దిక్కుకు విసిరేస్తుంది. ఆ ఎర్ర బిళ్ల, వెలుగు ఎవరు వేశారో వాళ్ల కంట్లోకే తిప్పి కొడుతుంది. నాకు ఆ బిళ్ల గుణం నచ్చింది. అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి దస్రు భద్రాచలం నుంచి కొత్త సరుకు తెచ్చాడు. సెల్లు వేసే చిన్న లైట్లు, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. ఎర్రదాని పట్టీ హ్యాండిల్‌కు సరిపోయింది, తెల్లదాని పట్టీ సీటు కింది కడ్డీకి సరిపోయింది. సరిపోయిన చోట బిగించేశాడు. ముందు ఎర్రగా మిణుకుమంటుంటే జాతర బండిలా ముద్దొచ్చింది. నాకూ తోచలేదు, వాడికీ తోచలేదు.

మొదటి రాత్రే ప్రాణం మీదికొచ్చింది. ఎదురుగా ఒక జీపు వస్తోంది. నన్ను చూసి వేగం తగ్గిస్తుందనుకున్నాను. తగ్గించలేదు. నేరుగా మీదికొచ్చేసరికి సైకిల్‌తో సహా పక్కనున్న గుంటలోకి దూకాను. జీపు కీచుమని ఆగింది. డ్రైవర్ దిగి నా మీదే అరిచాడు.

"ఎర్ర లైటు పెట్టుకొని ఎదురొస్తవేందమ్మా? నాకన్న ముందల పోతున్న బండి అనుకున్న! తెల్ల లైటంటే ఎదురొస్తున్నట్టు, ఎర్ర లైటంటే ముందల పోతున్నట్టు. గంత కూడ తెల్వదా?"

మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. అయినా అతన్ని తిరిగి తిట్టబుద్ధి కాలేదు. ఎందుకంటే అతను చెప్పింది నిజం. చీకట్లో బండికి నోరు లైటే. ఏ రంగు ఎటు చూపిస్తే ఆ మాట చెప్పినట్టు. నా సైకిల్ ఎదురొస్తూ, పోతున్నానని అబద్ధం చెప్పింది. మరి రోడ్డు మధ్యన నిలబడి, వెనక ఏ లైటూ లేని ట్రాలీ ఏం చెప్తుంది? ఇక్కడ ఏమీ లేదు, రా, అని చెప్తుంది. ధన్‌సింగ్ ఆ మాట నమ్మి పోయి గుద్దుకున్నాడు. గుంటలో కూర్చునే ఇదంతా ఆలోచించాను.

మర్నాడు దస్రును దులిపేసి, అన్నీ మళ్లీ బిగించుకున్నాను. ముందు మూడు సెల్లుల టార్చిలైటు, పాత ట్యూబు రబ్బరుతో హ్యాండిల్‌కు గట్టిగా కట్టింది. మొదట తిన్నగా ముందుకు కడితే, పాలు పోసే వీరన్న, "కండ్లు పోతున్నయ్ తల్లీ" అని మొత్తుకున్నాడు. మూతి కిందికి వంచి, వెలుగు పది పన్నెండు అడుగుల ముందు నేల మీద పడేట్టు పెట్టాను. గుంటలూ కనపడతాయి, ఎదుటివాడి కళ్లూ దక్కుతాయి. వెనక సీటు కింద ఎర్ర లైటు, దాని కింద ఎర్ర బిళ్ల. కాళ్లతో పాటు ఆడుతూ ఉండేట్టు పెడల్స్‌కు పసుపుపచ్చ బిళ్లలు. రెండు సెల్లు ఎప్పుడూ కొంగున మూటగట్టుకునేదాన్ని.

తండా అంతా వింత చూసింది. నా పేరు పెట్టి, రూప్లి ఊరేగింపు బయల్దేరింది అన్నారు. అడవి రోడ్డులో అంత వెలుగుతో పోతే పోలీసులూ అనుమానిస్తారు, అడవిలో ఉండే అన్నలూ అనుమానిస్తారు, చప్పుడు చేయకుండా పోవాలి అని రామ్‌చందర్ బుద్ధి చెప్పాడు.

"దాసుకునేటోడు చీకట్ల పోతడు కాకా. నేను పనికి పోతున్న. చూస్తే చూడనియ్" అన్నాను.

నెల పైన అట్లాగే నడిచింది. ఒక్క రోజు మోటర్ తప్పలేదు.

మార్గశిరంలో, నాలుగింటి కరెంటు వారంలో, మూడున్నరకు బయల్దేరాను. చింతల మలుపు తిరుగుతుంటే టార్చి వెలుగులో ముళ్లు కనిపించాయి. పామాయిల్ గెలల ముళ్లు. రెండు బ్రేకులూ పట్టి దిగాను. అదే ట్రాలీ. ఈసారి ఇరుసు విరిగింది. కింద బండరాళ్లు ఎత్తుపెట్టి, శ్రీను ట్రాక్టర్ విప్పుకుని సామాను కోసం పోయినట్టున్నాడు. మనిషి లేడు. లైటు లేదు. కొమ్మ లేదు.

నాకు వచ్చింది భయం కాదు, కోపం. ఒక మనిషి కాలు విరగ్గొట్టుకున్న చోటనే, ఆ కాలింకా నేల మీద ఆనకముందే, మళ్లీ అదే పని. ట్రాలీ ముందు నిలబడి నోటికొచ్చిన తిట్లన్నీ మా లంబాడీ మాటలో తిట్టాను. ట్రాలీకి సిగ్గెక్కడిది?

తిట్టడం అయ్యాక లెక్క వేసుకున్నాను. ఇట్లాగే వదిలి పోతే ఎవరో ఒకరు వచ్చి గుద్దుతారు. నా ఎర్ర లైటు ఊడదీసి దీనికి కడితే, లైటు లేని సైకిల్‌ను గేటు లోపలికి రానివ్వనన్నారు అయ్యగారు. ఇక్కడే ఉంటే మోటర్ పడదు, పని పోతుంది. పోతే పోనీ అనుకున్నాను. సైకిల్‌ను ముప్పై అడుగులు వెనక్కి నడిపించి, మలుపు ఇంకా మొదలవకముందే రోడ్డు మీద స్టాండు వేసి, ఎర్ర లైటు వచ్చే బండ్లకు తగిలేట్టు నిలబెట్టాను. నేను పక్కన నిలబడ్డాను.

నాలుగింటికి చుట్టుపక్కల తోటల్లో మోటర్లు గుర్రుమన్నాయి. మా తోట మోటర్ ఒక్కటే మూగగా ఉండిపోయింది. పాల వీరన్న వచ్చాడు, తప్పుకుని పోయాడు. మొదటి బస్సు వచ్చింది. డ్రైవర్ దూరం నుంచే వేగం తగ్గించి, మలుపులో ట్రాలీని చూసి, దాని ఓనరును నాలుగు మాటలని పక్కనుంచి మెల్లగా పోనిచ్చాడు.

అయిదున్నరకు ఇంకా చీకటిగానే ఉంది. ఊరి వైపు నుంచి మోటర్‌సైకిల్ ఒకటి వేగంగా వస్తోంది. పక్క తోట రైతు వెంకటనారాయణ గారికి ఫోన్ చేసి, మీ మోటర్ పడలేదన్నాడట. నా ఎర్ర లైటు చూసి బ్రేకు వేస్తే, వెనక చక్రం జారి నా సైకిల్ పక్కన వచ్చి ఆగింది.

"ఎవరది? రూప్లీ! మోటర్ వేయకుండా నడిరోడ్డు మీద ఏం చేస్తున్నావు? గంటన్నర కరెంటు దండగైంది, తెలుసా?" వెంకటనారాయణ గారి గొంతు మలుపంతా వినపడింది.

"తెల్సు."

"తెలిసీ?"

"మీ బండికి ఇంత పెద్ద లైటుంది కద అయ్యా. మరి ఎందుకు ఆగిండ్రు?"

"ఎందుకేంటి? ఎర్ర లైటు కనపడింది, ఆగాను."

"దాని ముందల ఏముందో కనపడ్డదా?"

ఆయన హ్యాండిల్ అటు తిప్పి చూశారు. మోటర్‌సైకిల్ వెలుగు మలుపు తిరగదు కదా, తుప్పల మీద పడింది. బండి దిగి నడిచారు. నేను హ్యాండిల్‌కున్న టార్చి విప్పుకుని వెనకే నడిచి, వెలుగు వేశాను. ఆయన రొమ్ము ఎత్తున, ముళ్లతో గెలల కాడలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంత చలిలో భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"ధన్‌సింగ్ సైకిల్‌కు లైటుంటే ఆగేటోడేమో. నేను ఆగిన కద" అన్నాను. "ఆ వంతు తప్పు మాది. ఒప్పుకున్నం, లైటు పెట్టుకున్నం. మీ వంతు తప్పు ఏడుంది? రెండు నెలల సంది మంచంల పడుకొని అది కూడ మా ఆయననే మోస్తుండు."

ఆయన భయం కోపంగా మారడం నా కళ్లముందే జరిగింది. "నాకు నీతులు చెప్తావా? రేపట్నుంచి పనిలోకి రావద్దు!"

"రాను. కని మీరు ఇప్పుడు చూసిన ముచ్చట తండాకొచ్చి ధన్‌సింగ్ ముందట అనుండ్రి. ఎర్ర లైటు లేకుంటే నేను కూడ గుద్దేటోన్నే అని. గదొక్కటి చాలు నాకు."

ఆయన బండెక్కి తోట వైపు వెళ్లిపోయారు. వెలుగొచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను. తర్వాత లైట్లు ఆర్పి ఇంటికి పోయి, పని పోయిందని చెప్పాను. ధన్‌సింగ్ నన్ను తిడతాడనుకున్నాను. జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ రోజు చూడవచ్చిన వాళ్లతో తప్పు నాదే అని అనలేదు.

నేను అనుకోనిది ఆ సాయంత్రం జరిగింది. దస్రు వచ్చి, "పంచాయితీల నేను సగమే చెప్పిన అన్నా. నీ లైటు తీసింది నేనే. ట్రాలీకి లైటు లేకుండెనని సుత చెప్పకపోతిని" అని మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి ఊరుకోలేదు, ఇల్లిల్లూ తిరిగాడు. మా తండా నుంచి చుట్టుపక్కల తోటలకు నీళ్లు పెట్టేవాళ్లు ఆరుగురు. ట్రాలీల వెనక ఎర్ర లైట్లు పెట్టేదాకా చీకటి వేళ ఆ రోడ్డు ఎక్కేది లేదని ఆరుగురూ కబురు పంపారు. నా పనికి పిలిస్తే ఒక్కరూ పోలేదు.

నాలుగు రోజులు వెంకటనారాయణ గారే నిద్ర మానుకుని మోటర్ వేసుకున్నారు. అయిదో రోజు పొద్దున ఆయన ట్రాక్టర్ మా తండా ముందు నుంచి పోయింది. ట్రాలీ వెనక రెండు పక్కలా ఎర్ర లైట్లు, వాటి కింద అరచేయంత బిళ్లలు. దాని వెనకాలే మోటర్‌సైకిల్ మీద ఆయన వచ్చారు. తండా తండా మా వాకిట్లో గుమిగూడింది. ఆ రోజు కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల్లో రామ్‌చందర్‌తో కలిపి ముగ్గురున్నారు.

ఆయన లోపలికొచ్చి ధన్‌సింగ్ మంచం పట్టె మీద కూర్చున్నారు. రాడ్లు వేసిన కాలి వైపు చూశారు.

"ధన్‌సింగ్, తప్పంతా నీదేనన్నాను ఆ రోజు. కాదు. అంత లైటున్న బండి మీద వచ్చి, రూప్లి లేకపోతే నేనూ గుద్దేవాణ్ణే. తప్పు నాది కూడా" అన్నారు. గొంతు పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

నాకు ఒకటే భయం. ఇప్పుడు ధన్‌సింగ్ చేతులు జోడించి, లేదయ్యా, తప్పు నాదే అంటాడేమోనని. అన్నాడంటే ఆ మంచాన్ని ఎత్తి బయట పారేసేదాన్ని.

ధన్‌సింగ్ మోచేతుల మీద మెల్లగా పైకి లేచాడు. గడప బయట నిండిపోయి ఉన్న జనం వైపు చూశాడు.

"అయ్యా, జర గట్టిగ చెప్పుండ్రి. ఆనాడు మీ వాకిట్ల నవ్వినోళ్లు బయట నిలబడ్డరు. వాళ్లకు వినపళ్లే."

వెంకటనారాయణ గారు లేచి గడప దగ్గరికి నడిచి, గొంతు సవరించుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పారు.